బెజవాడ, గుంటూరు చలికి తగిన ఋతుచర్య: పాటించవలసిన జాగ్రత్తలు

ఆయుర్వేదం మార్గశిర పుష్యాలను హేమంత ఋతువనీ, మాఘ ఫాల్గుణాలను శిశిరమనీ చెప్పి, ఈ నాలుగు నెలలూ ఆహారం, స్నానం, నిద్ర, వ్యాయామం ఎలా ఉండాలో విడిగా నిర్దేశించింది. చరక సంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయంలోనూ, వాగ్భటుని అష్టాంగ హృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయంలోనూ ఈ విషయం వివరంగా ఉంది. అయితే ఆ గ్రంథాలలో కనిపించేది తోళ్లు, కంబళ్లు కప్పుకొని ఇంటి లోపలి గదుల్లో వెచ్చగా ఉండవలసినంత చలి. విజయవాడ, గుంటూరుల్లో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 18, 20 డిగ్రీల మధ్య ఉండే ఉష్ణోగ్రత మధ్యాహ్నానికి 30 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. అందుచేత ఈ ప్రాంతంలో ఒక్క పూటలోనే వేడికీ చలికీ మధ్య వచ్చే మార్పు, దానితోపాటు చర్మానికీ గొంతుకూ వచ్చే పొడితనం ముఖ్యమైన సమస్యలు. ఉండే ప్రాంతాన్నీ కాలాన్నీ శరీర ప్రకృతినీ చూసి ఆచరించమని శాస్త్రమే చెప్పింది కనుక, శీతకాలపు నియమాలను మన ఊరి వాతావరణానికి సరిపెట్టుకోవడం శాస్త్ర విరుద్ధం కాదు.

హేమంతంలో బయటి చలి వల్ల శరీరంలోని వేడి లోపలే నిలిచి జఠరాగ్ని, అంటే అరిగించే శక్తి, బలపడుతుందనీ, దానికి తగిన ఆహారం అందకపోతే అది శరీరంలోని రక్తం, మాంసం వంటి ధాతువులనే హరించి వాతాన్ని పెంచుతుందనీ చరకుడు వివరించాడు. అందుకే ఈ ఋతువులో తీపి, పులుపు, ఉప్పు రుచులూ, నెయ్యి, నూనె కలిసిన వేడి భోజనమూ, పాలు, మినుములు, చెరకు రసంతో చేసిన పదార్థాలూ మంచివన్నారు. కొత్త బియ్యం అరగదని మన ఇళ్లలో పెద్దలు పాతబియ్యమే వండమంటారు. మిగతా కాలాల్లో ఆ మాట సరైనదే కానీ, హేమంతంలో మాత్రం కొత్త బియ్యపు అన్నం తినవచ్చని గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి. కృష్ణా డెల్టాలో కోతలు పూర్తయి కొత్త బియ్యం ఇంటికి చేరేదీ ఈ కాలంలోనే. పెరుగు విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. చలికాలమని పెరుగు పూర్తిగా మానేస్తారు గాని, చరకుడు పెరుగును తప్పుపట్టింది శరత్తు, వసంతం, గ్రీష్మాలలో. రాత్రిపూట గానీ, వేడిచేసి గానీ తినకూడదన్న నియమం మాత్రం అన్ని కాలాలకూ వర్తిస్తుంది. మధ్యాహ్న భోజనంలో కమ్మటి పెరుగు ఆరోగ్యవంతులకు హాని చేయదు.

అగ్ని బలంగా ఉంది కదా అని సంక్రాంతి పిండివంటల విషయంలో హద్దు మీరకూడదు. అరిసెలు, సున్నుండలు, నువ్వుల ఉండలు ఈ ఋతువుకు తగినవే అయినా, అరగడానికి బరువైన ఆహారాన్ని సగం తృప్తి కలిగే వరకే తినాలని శాస్త్ర నియమం. మా ప్రాంతపు భోజనంలో ఉండే ఎండుమిరప కారాన్ని ఆయుర్వేదం కటురసం అంటుంది. అది వాతాన్ని పెంచి, చలికాలపు పొడితనాన్ని ఎక్కువ చేస్తుంది కనుక, కారం మానలేని వారు గోంగూర పచ్చడికో, కంది పొడికో నెయ్యి లేదా నువ్వుల నూనె ధారాళంగా కలుపుకోవడం మేలు. జనవరి నుంచి గుంటూరు మార్కెట్‌కు కొత్త మిర్చి రాక పెరుగుతుంది. ఆ ఘాటులో పనిచేసేవారు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి, పని ముగిశాక గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించాలి. చలికి దాహం తెలియక నీళ్లు తక్కువ తాగడం వల్ల మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి కాబట్టి, దాహం వేయకపోయినా గోరువెచ్చని నీరు పలుమార్లు తాగాలి.

ఒంటికి గోరువెచ్చని నువ్వుల నూనె పట్టించి, కొంతసేపు ఉండి, సున్నిపిండితో రుద్దుకొని స్నానం చేయడం ఈ ఋతువులో అన్నిటికంటే విలువైన అలవాటని నా నమ్మకం. భోగినాడు మాత్రమే చేసే ఈ తలంటును వారానికి రెండుసార్లయినా చేసుకుంటే చర్మం పగలదు, కీళ్ల బిగువు తగ్గుతుంది. జ్వరం ఉన్నప్పుడు, అజీర్తిగా ఉన్నప్పుడు, జలుబు ముదిరి కఫం పేరుకున్నప్పుడు నూనె పట్టించకూడదు. వేడినీళ్లు మెడ కిందికే మంచివి. తలమీద పోసుకుంటే జుట్టుకూ కళ్లకూ చెరుపని వాగ్భటుడు చెప్పాడు కనుక, తలకు గోరువెచ్చదనం దాటకూడదు.

అయ్యప్ప, భవాని దీక్షలు తీసుకున్నవారు తెల్లవారుజామునే చన్నీటితో తలస్నానం చేస్తారు, పూటభోజనంతో గడుపుతారు, నేలమీద పడుకుంటారు. ఆస్తమా, గుండె జబ్బు, కీళ్లవాతం ఉన్నవారికి ఈ మూడూ ఒకేసారి భారమవుతాయి. చన్నీటి దెబ్బకు రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అలాంటివారు దీక్షకు ముందే వైద్యుని సంప్రదించి, గురుస్వామికి చెప్పి, నీళ్లు కాస్త కాచుకోవడం, చాప కింద మందపాటి దుప్పటి వేసుకోవడం, రాత్రి పాలూ పళ్లూ తీసుకోవడం వంటి సడలింపులు కోరాలి. కాలువ గట్ల మీద నడకకు వెళ్లే పెద్దవారు కూడా పొగమంచు విడిచి ఎండ వచ్చాకే బయలుదేరాలి, చెవులు కప్పుకోవాలి. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, ఎడమ చేయి లాగినా, మాట తడబడినా, అరగలేదని సోడా తాగి కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్నానం తరువాత సాంబ్రాణి పొగ వేయడం, ముక్కులో ఆముదమో కొబ్బరినూనో పోయడం ఎంతో ప్రేమతో చేసే పనులే. అయినా పొగ ఆ చిన్న ఊపిరితిత్తులను ఇబ్బంది పెడుతుంది, నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. కర్పూరం కలిపిన నూనె ముక్కు దగ్గర రాయకూడదు, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రపోవడం పెద్దలకైనా ప్రాణాంతకం.

మందుల విషయంలో ఇంటి వైద్యానికి ఒక హద్దు ఉంది. గొంతు గరగరకు శొంఠి కషాయమో, మిరియాల పాలో రెండు మూడు రోజులు చాలు. పిప్పలిని అతిగా వాడరాదని చరకుడు విమానస్థానంలో హెచ్చరించాడు. కడుపులో పుండు ఉన్నవారు శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణం జోలికి పోరాదు. అతిమధురం ఎక్కువ కాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, చ్యవనప్రాశలో తీపి ఎక్కువ కనుక షుగరు ఉన్నవారు ఆలోచించాలి. గర్భిణులు అశ్వగంధను సొంతంగా తీసుకోకూడదు. భస్మాలు (లోహాలు, ఖనిజాలను కాల్చి చేసిన పొడులు) కలిసిన రసౌషధాలను అర్హత గల వైద్యుడు రాయనిదే ఎవరూ వాడకూడదు. విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట నాడి చూపించుకొని సలహా తీసుకోవచ్చు. బీపీ, షుగరు మాత్రలు గానీ, ఆస్తమా ఇన్‌హేలరు గానీ కషాయం తాగుతున్నామని ఆపరాదు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా పరీక్షలు చేయించుకోవాలి.

చలిలో పేరుకున్న కఫం వసంతంలో ఎండ తగలగానే కరిగి దగ్గు, జలుబు, మందాగ్ని (అరుగుదల తగ్గడం)గా బయటపడుతుంది. కాబట్టి రథసప్తమి దాటాక మినుములు, నువ్వులు, బెల్లం, నెయ్యి పాళ్లు మెల్లగా తగ్గించి, పాతబియ్యం, పెసరపప్పు, తేలిక కూరల వైపు మళ్లాలి. ఋతువు చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువు తొలి ఏడు రోజులు కలిసిన ఋతుసంధిలో పాత అలవాటును కొద్దికొద్దిగా వదులుతూ కొత్తదాన్ని చేర్చుకోవాలని వాగ్భటుని నియమం. మధ్యాహ్నపు నిద్ర వేసవికి తప్ప తగనిదన్నారు గనుక, పండుగ సెలవుల్లో అలవాటైన కునుకును కూడా ఆ రోజుల్లోనే మానుకోవాలి.