ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స: ఇంటివారు తెలుసుకోవలసినవి

ప్రోస్టేట్ క్యాన్సర్ పెరుగుదలకు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఊతమిస్తుందని చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు 1941లో చూపారు. ఆ హార్మోన్‌ను అణచడమే నేటికీ ఈ చికిత్సకు మూలం. వృషణాలను తొలగించే ఆపరేషన్ ఒక్కసారితో ముగుస్తుంది, ఖర్చూ తక్కువే. అయితే మళ్లీ వెనక్కి తీసుకోలేనిది గనుక రోగి మనసు తెలుసుకోకుండా పిల్లలే నిర్ణయించడం తగదు.

ఇంజక్షన్లు ఎంచుకుంటే తేదీ తప్పకూడదు. పొట్ట చర్మం కింద పెట్టే గోసెరెలిన్, బియ్యపు గింజను తలపించే సన్నని కడ్డీ, 3.6 మిల్లీగ్రాములదైతే 28 రోజులకు, 10.8 మిల్లీగ్రాములదైతే 12 వారాలకు ఒకటి. యార్డులో మిర్చి అమ్ముడుపోలేదనో, ఇంట్లో పెళ్లి ఉందనో వాయిదా వేయకుండా, ఇంజక్షన్ వేయించుకున్న రోజే తర్వాతి తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాసిపెట్టండి. గోసెరెలిన్, ల్యూప్రోలైడ్ వంటివి మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్‌ను తగ్గించడానికి బదులు పెంచుతాయి కాబట్టి, ముందుగా ఆ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్రలు ఇస్తారు. వాటిని అనవసరమని మానేయవద్దు.

టెస్టోస్టిరాన్ తయారీని అడ్డుకునే అబిరాటెరోన్ మాత్రలు రాసి ఉంటే మరింత శ్రద్ధ కావాలి. అన్నం తిన్నాక వేసుకుంటే మందు రక్తంలోకి మోతాదుకు మించి చేరుతుంది. తిన్నాక కనీసం రెండు గంటలు ఆగి మాత్ర వేసుకుని, ఆ తర్వాత కనీసం గంటసేపు ఏమీ తినకూడదు. పొద్దున్నే లేవగానే వేసుకుని, ఇడ్లీ గంట ఆగి తినడం సులువు. దీనితోపాటు ఇచ్చే ప్రెడ్నిసొలోన్‌ను మాత్రం తిన్నాకే వేసుకోవాలి, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించండి.

ఒంట్లోంచి ఆవిర్లు ఎగసి చెమటలు పట్టడం చాలామందికి తప్పదు. బెజవాడ మే నెల ఎండలో అది నిజంగా నరకం. నూలు బట్టలు కట్టుకోవడం, పొగలు కక్కే కాఫీని, కారాన్ని తగ్గించడం కొంత మేలు చేస్తాయి. కోరిక తగ్గడం, చిరాకు, నీరసం కూడా మందు వల్లనే. భార్యకు ఈ మాట ముందే చెప్పి ఉంచితే అపార్థాలుండవు.

ఎముకలు గుల్లబారతాయి, కండ కరుగుతుంది, షుగరు పెరగవచ్చు. ఎండ ముదరకముందే కరకట్ట మీద నడవడం, చేతనైన బరువులెత్తడం మంచిది. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, కాల్షియం, విటమిన్ డి గురించి డాక్టరును అడగండి.

నడుము నొప్పితోపాటు కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తప్పినా, మూత్రం బిగుసుకున్నా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. తెల్లవారేదాకా ఆగవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.