డబ్బు ఖర్చు లేకుండా, మధ్యలో మానకుండా వ్యాయామం చేయడం ఎలా?

విశాఖపట్నంలో వ్యాయామం మొదలుపెట్టడం ఎవరికీ పెద్ద కష్టం కాదు. ఎదురుగా సముద్రం, వెనక కొండలు. జనవరి మొదటి వారంలో బీచ్ రోడ్డు నిండా కొత్త బూట్లే కనిపిస్తాయి. సంక్రాంతి అరిసెలు అయిపోయేసరికి ఆ బూట్లు ఇంట్లో మూలన చేరతాయి. కష్టమంతా కొనసాగించడంలోనే ఉంది. ఉత్సాహం రోజూ రాదు, ఇంటి పని మాత్రం రోజూ వస్తుంది. అందుకని నడకను ఇంటి పనికే ముడిపెట్టేయండి. చేతిలో నాలుగు డబ్బులు కూడా మిగులుతాయి.

ముందు: మొదటి నెల ఏమీ కొనొద్దు

ఏడాది ఫీజు ఒకేసారి కట్టేస్తే, డబ్బు దండగవుతుందన్న భయంతోనైనా జిమ్‌కి వెళ్తామనుకుంటాం. ఆ భయం ఎన్నాళ్లో నిలవదు. జిమ్ మీద నాకు కోపమేమీ లేదు. కట్టాలనుకుంటే నెలనెలా కట్టుకోండి, అదీ నడక అలవాటయ్యాకే. డంబెల్స్, ఇంట్లో తొక్కే సైకిల్ మాత్రం అసలే వద్దు. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లకు బాల్కనీలో పెట్టిన ఇనుము గతి తెలిసిందే. ఉప్పుగాలికి ముందు బోల్టుల తలలు ఎర్రబడతాయి, తర్వాత చెయిన్ బిగుసుకుపోతుంది, చివరికి పాత సామాన్ల బండికి కిలోల లెక్కన వెళ్లిపోతుంది. లీటరు నీళ్లు కిలో బరువు. రెండు లీటర్ల ఖాళీ సీసాలు రెండు నింపుకుంటే డంబెల్స్ వచ్చేసినట్టే.

సంచీ పట్టుకుని బయలుదేరండి

1999లో మన రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం... నగరంలో చాలామందికి ఏదో ఒకటి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. వారానికి సరిపడా కూరలు ఆదివారం స్కూటర్ మీద తెచ్చేసుకునే అలవాటుంటే దాన్ని మార్చండి. రెండు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. ఆకుకూర ఫ్రిజ్‌లో కుళ్లి చెత్తబుట్టలో పడదు. ఎల్లుండి మళ్లీ వెళ్లక తప్పదు కాబట్టి ఇవాళ నడకకు మూడ్ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పోనూ రానూ అరగంట పట్టే బజారుకు వారంలో అయిదు రోజులు తిరిగితే లెక్క సరిపోతుంది. కూరలు లేని రోజు పాలకో, మందులకో, కరెంటు బిల్లుకో వెళ్లండి. వేగం ఎంతుండాలంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. దారిలో తెలిసినవాళ్లు ‘ఏటండీ, స్కూటర్ పాడైపోనాదా?’ అని అడుగుతారు. నవ్వేసి ముందుకు నడవండి.

సంచులు రెండు తీసుకెళ్లండి, బరువు సమంగా పంచండి. ఒకే సంచీలో నాలుగు కిలోలు మోస్తే ఇంటికొచ్చేసరికి ఒక భుజం లాగేస్తుంది. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, గుమ్మడికాయ ఉన్న రోజు ఆడవాళ్లకు ఇంకో దారి ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ ఉచితం. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు బస్సెక్కండి.

వారానికోసారి బీచ్ రోడ్డు

తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర వాహనాలు ఆపేస్తారు కాబట్టి రోడ్డు మీదే హాయిగా నడవొచ్చు. ఎండాకాలంలో బాగా పెందలాడే వెళ్లాలి. మే నెలలో అయిదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, పైగా ఇక్కడి ఉక్కకు చెమట ఆరదు. నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. అలల పక్కన తడి ఇసుక మీద నడక చూడటానికి బాగుంటుంది గానీ, అక్కడ నేల ఏటవాలుగా ఉంటుంది. చాలాసేపు ఒకే వైపు నడిస్తే ఒక మడమ మీద భారం పడుతుంది. ఈత సరదాతో నీళ్లలోకి మాత్రం దిగకండి. ఈ తీరంలో అలల లాగుడు ఎక్కువ.

డబ్బు లెక్క తప్పేది నడక అయ్యాకే. పూరీ ప్లేటు, గారెలు, టీ, తిరిగి ఇంటికి ఆటో. నలుగురు వెళ్తే జిమ్ ఫీజే నయమనిపిస్తుంది. దానికి బదులు ఇంట్లోనే అంబలి కాచుకోండి. ముందురోజు రాత్రి గ్లాసు నీళ్లలో రెండు చెంచాల చోడిపిండి (రాగిపిండి) కలిపి పెట్టుకోండి. పొద్దున ఇంకో గ్లాసు నీళ్లు పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ అయిదారు నిమిషాలు ఉడికించండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసుకుంటే చాలు. పూరీ నెలకోసారి తినండి, తప్పేమీ లేదు.

షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో బయలుదేరొద్దు. గుండె, మోకాళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి.

ముసురు పట్టినప్పుడు

అలవాటు తెగేది ఎక్కువగా వానల్లోనే. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వస్తే రెండు మూడు రోజులు గుమ్మం దాటలేం. అలాంటప్పుడు అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి, గోడకు చేతులు ఆనించి, మోచేతులు వంచుతూ పదిసార్లు గోడ వైపు వాలి వెనక్కి రండి, నీళ్ల సీసాలు ఎత్తండి. కండరాలకు పని చెప్పే ఇలాంటి వ్యాయామం ఎలాగూ వారానికి రెండు రోజులు ఉండాలి. వాన తగ్గిన మొదటి రోజు పాత దూరం జోలికి వెళ్లకండి. వీధి చివరి కొట్టు దాకా వెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చుకున్నా చాలు.

మిగిలిన డబ్బు కనబడాలి

ఆటో ఎక్కకుండా నడిచిన ప్రతిసారీ ఆ డబ్బు ఇంటికి రాగానే డబ్బాలో వేయండి. ఫోన్లో లెక్క రాసుకుంటే ఆ తృప్తి ఉండదు. నెల అయ్యాక డబ్బా తెరిచి బూట్లు కొనుక్కోండి, పాత చెప్పులతో అప్పటికి పాదం ఎక్కడ నొక్కుతోందో తెలిసిపోయి ఉంటుంది. నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం పూట, మేజోళ్లు వేసుకుని చూడండి. వేళ్ల ముందు చేతి బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. కొట్టులోనే నాలుగడుగులు వేసి, మడమ జారితే ఇంకో జత అడగండి.