తీరానికి రిసార్ట్ వస్తోందంటే ఊరు చేయవలసిన పనులు: బార్బుడా అనుభవం

తీరంలో విలాసవంతమైన రిసార్ట్ కడతారని తెలియగానే ఊరివాళ్లు సాధారణంగా ముందు సభ పెడతారు, ఆ తర్వాత వినతిపత్రం ఇస్తారు, కాగితాల సంగతి ఎప్పుడో పొక్లెయిన్ దిగాక గుర్తుకొస్తుంది. ఈ వరుసను తిరగేయాలన్నది నా అభిప్రాయం. అందుకు కరీబియన్ సముద్రంలోని బార్బుడా ద్వీపం కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. అక్కడివాళ్లు కోర్టులో ఒకసారి ఓడారు, ఒకసారి గెలిచారు. గెలిచిన తీర్పు చేతికి వచ్చేసరికి మాత్రం రిసార్ట్‌ల వెంట వచ్చి వివాదంలో పడిన విమానాశ్రయం పని చాలా దూరం వెళ్లిపోయింది.

ఆంటిగ్వా-బార్బుడా అనే జంట ద్వీపాల దేశంలో బార్బుడా చిన్నది. విస్తీర్ణం దాదాపు 160 చదరపు కిలోమీటర్లు, ఊరు అంటే కాడ్రింగ్టన్ ఒక్కటే, జనం రెండు వేలకు లోపే. 1685 నుంచి 1870 వరకు కాడ్రింగ్టన్ కుటుంబం ఈ ద్వీపాన్ని బ్రిటిష్ రాజు నుంచి లీజుకు తీసుకుని బానిసల చేత పని చేయించుకుంది. 1834లో విముక్తి వచ్చాక ఆ బానిసల సంతతి ఊరిలో ఇళ్లు కట్టుకుని, ఊరి బయట మెట్ట సేద్యం చేసుకుంటూ, పశువులను వదిలి మేపుకుంటూ, వేటాడుతూ, చేపలూ లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలూ పట్టుకుంటూ భూమినంతా ఉమ్మడిగానే వాడుకుంది. ఎవరికీ విడిగా పట్టా లేదు. ఈ ఆనవాయితీకి 2007 నాటి బార్బుడా భూచట్టం రాతపూర్వక రూపం ఇచ్చింది: భూమి బార్బుడా ప్రజలందరి ఉమ్మడి సొత్తు, పెద్ద ప్రాజెక్టు ఏది రావాలన్నా ప్రజల్లో మెజారిటీ సమ్మతి ఉండాలి.

కాబట్టి మొదటి పని, మీరు నిలబడిన నేల ఏ హక్కు కింద మీ వాడుకలో ఉందో తేల్చుకోవడం. తరతరాలుగా వాడుకుంటున్నామన్న మాట సభలో చప్పట్లు తెస్తుంది కానీ కోర్టులో దాని విలువ వేరు. బార్బుడావాళ్ల చేతిలో ఏకంగా చట్టమే ఉండేది. అయినా అది చాలలేదు. హాలీవుడ్ నటుడు రాబర్ట్ డి నీరో, ఆస్ట్రేలియా వ్యాపారి జేమ్స్ ప్యాకర్ కలిసి తలపెట్టిన ప్యారడైజ్ ఫౌండ్ రిసార్ట్ కోసం పార్లమెంటు 2015లో ప్రత్యేక చట్టం చేసి, భూచట్టంలోని నిబంధనలు ఆ ప్రాజెక్టుకు వర్తించవని చెప్పింది. దీన్ని సవాలు చేసిన కేసు చివరికి ఆ దేశానికి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. భూచట్టం ఇచ్చిన ఉమ్మడి హక్కు రాజ్యాంగం కాపాడే ఆస్తి హక్కు కిందికి రాదని 2022లో అక్కడ తేలిపోయింది. పార్లమెంటు ఇచ్చిన హక్కును పార్లమెంటే వెనక్కి తీసుకోగలదు. అందువల్ల మీ హక్కుకు ఆధారం రాజ్యాంగమా, చట్టమా, ప్రభుత్వ ఉత్తర్వా, ఉత్త ఆనవాయితీయా అన్నది న్యాయవాదిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న. వచ్చే జవాబును బట్టి పోరాటానికి ఎంత వ్యవధి ఉందో తెలుస్తుంది.

రెండవ పని వాడుకను పటం మీదికి ఎక్కించడం. దీనికి ఇంజనీరు అవసరం లేదు. సర్వే పటం పెద్దదిగా ప్రింటు తీయించి పంచాయతీ అరుగు మీద పరచండి. పడవలు ఎక్కడ లాగుతారో, వలలు ఎక్కడ ఆరబెడతారో, తాగునీటి బావులు ఎక్కడున్నాయో, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక ఏదో, పశువులు ఏ దారిన పోతాయో పెద్దవాళ్ల చేత చూపించి రంగు పెన్సిళ్లతో గుర్తు పెట్టించండి. దాని పక్కన ప్రాజెక్టు నక్షాను పెట్టి చూస్తే ఎక్కడెక్కడ ఒరుసుకుంటుందో ఇట్టే కనిపిస్తుంది. బార్బుడాలో ఇలాంటి ఒరిపిడి స్పష్టంగా ఉన్న చోటు కాడ్రింగ్టన్ లగూన్ అనే ఉప్పునీటి సరస్సు. చిత్తడి నేలల రక్షణకు ఉద్దేశించిన రామ్సర్ జాబితాలో అది 2005లో చేరింది. గొంతు కింది ఎర్రని సంచిని బుడగలా ఉబ్బించే ఫ్రిగేట్ పక్షులు అక్కడి మడ చెట్ల మీద వేల సంఖ్యలో గూళ్లు కడతాయి. ప్యారడైజ్ ఫౌండ్ కాక మరో రిసార్ట్ కింద గోల్ఫ్ మైదానం, విల్లాలు తలపెట్టిన పాల్మెట్టో పాయింట్ ఆ చిత్తడి ప్రాంతంతో ముడిపడిన ఇసుక మేట. పర్యావరణం పాడవుతుందని ఊరికే అనడం కంటే, పటం మీద వేలు పెట్టి ఈ గుంట, ఈ బావి, ఈ దిబ్బ అని చూపించే మాటకు బలం ఎక్కువ.

మూడవది, విపత్తు వేళ మరింత మెలకువగా ఉండాలి. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను గంటకు దాదాపు 295 కిలోమీటర్ల గాలులతో బార్బుడా మీద విరుచుకుపడింది. ఇళ్లలో అధికభాగం దెబ్బతిన్నాయి. వెనకాలే ఇంకో తుఫాను వస్తోందని జనాన్నంతా ఆంటిగ్వాకు తరలించారు. ద్వీపం ఖాళీగా ఉన్న ఆ వారాల్లోనే కొత్త విమానాశ్రయం కోసం అడవి కొట్టి నేల చదును చేయడం మొదలైంది. కొద్ది నెలల్లో ఉమ్మడి యాజమాన్యాన్ని తొలగించే దిశగా భూచట్టానికి సవరణ కూడా వచ్చింది. ఇల్లు పోయి శిబిరంలో ఉన్న మనిషి గెజెట్ చదువుతాడా? చదవడు. అందుకే చదివే బాధ్యతను ముందుగానే ఊరి బయట ఉన్న ఇద్దరు ముగ్గురికి అప్పగించి ఉంచాలి. పట్నంలోనో పరదేశంలోనో ఉన్న పిల్లలు చేయదగిన పని ఇది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది తేదీల పట్టిక. ఒక చేతిరాత పుస్తకంలో ఎడమ పేజీ మీద నేల మీద జరిగినది, కుడి పేజీ మీద కాగితం మీద జరిగినది రాయండి. ఎడమవైపు నమోదు ఇలా ఉండాలి: "మంగళవారం ఉదయం ఏడున్నరకు పొక్లెయిన్ ఒకటి, టిప్పర్లు రెండు వచ్చాయి, చెరువుగట్టు వైపు తుమ్మచెట్లు తొలగించారు, ఫోటోలు నాలుగు, చూసినవాళ్లు ఇద్దరు." కుడివైపు దరఖాస్తు తేదీ, పర్యావరణ ప్రభావ నివేదిక సమర్పించిన తేదీ, అనుమతి తేదీ. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టినప్పుడు పని ముందు, అనుమతి తర్వాత అని తేలితే మీ కేసులో సగం అక్కడే ఉంది. బార్బుడా విమానాశ్రయం కేసులో పిటిషనర్ల ప్రధాన ఆరోపణల్లో ఒకటి అచ్చంగా ఇదే.

ఆ కేసు గుర్తు పెట్టుకోదగినది, ఎందుకంటే పిటిషన్ ఎవరి పేరు మీద వేయాలన్న చిక్కు ముడి అందులోనే విడింది. సముద్ర జీవశాస్త్రం తెలిసిన జాన్ ముసింగ్టన్, విశ్రాంత ఉపాధ్యాయురాలు జాక్లిన్ ఫ్రాంక్ 2018లో విమానాశ్రయ అనుమతిని సవాలు చేశారు. వీళ్లకు ఈ వ్యవహారంలో తగినంత సంబంధం లేదని 2021లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. 2024 ఫిబ్రవరి 27న ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసి, ఇద్దరికీ కేసు నడిపే అర్హత ఉందని చెప్పింది. అంటే, దాదాపు ఆరేళ్లు గడిచాక తేలింది అసలు విషయం కాదు, తలుపు తట్టే హక్కు మాత్రమే. విమానాశ్రయం అదే ఏడాది తెరుచుకుంది. ఈ అనుభవాన్ని బట్టి, పిటిషనర్లను ఎంచేటప్పుడు ఒకరు ఆ స్థలానికి దగ్గరగా నివసించేవారు, ఇంకొకరు అక్కడి నీటినో జీవాలనో శాస్త్రీయంగా ఎరిగినవారు అయ్యేలా చూడండి. తమకు వ్యక్తిగతంగా ఏం నష్టమో అఫిడవిట్‌లో మొదటి పేరాల్లోనే రాయించండి. పని ఆపే తాత్కాలిక ఉత్తర్వును మొదటి రోజే కోరాలి. అది లేకుండా నడిచే కేసు, ఎంత న్యాయమైనదైనా, కాంక్రీటుతో పరుగు పందెం వేసినట్టే.

ప్రివీ కౌన్సిల్ మనకూ కొత్త పేరేమీ కాదు. 1949 దాకా మద్రాసు హైకోర్టు తీర్పుల మీద ఆఖరి అప్పీళ్లు అక్కడికే వెళ్లేవి. ఇప్పుడు ఆంధ్ర తీరంలో ఇలాంటి అనుమతి మీద అభ్యంతరం ఉంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి వెళ్లాలి. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు గడువు 30 రోజులు. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు, అంతే. తేదీల పుస్తకం విలువ ఇక్కడ ఇంకా పెరుగుతుంది.

ఊళ్లో ఉద్యోగాల మాట తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. బార్బుడాలో ప్యారడైజ్ ఫౌండ్ తలపెట్టిన చోట అంతకుముందు కె క్లబ్ అనే హోటల్ ఉండేది. అక్కడివాళ్లు పర్యాటకాన్నే కాదనలేదు, ఎంత భూమి, ఎన్నేళ్లకు, ఎవరి సమ్మతితో అన్నదే వాళ్ల తగువు. రిసార్ట్ కావాలనేవారిని ద్రోహులనకండి. వాళ్లతో కలిసే కంపెనీకి లేఖ రాయండి: ఎన్ని శాశ్వత ఉద్యోగాలు, ఏ జీతానికి, నిర్మాణం ముగిశాక ఎన్ని మిగులుతాయి, లీజు రద్దయితే నేలను ఎవరు బాగుచేస్తారు. జవాబు రాతపూర్వకంగా వస్తే అది ఒక ఆధారం. రాకపోతే రాలేదన్నది కూడా ఆధారమే.

రిసార్ట్ కట్టడం ఆగలేదనుకుందాం, అప్పుడు దారి సంగతి చూడాలి. ఆంటిగ్వా-బార్బుడాలో సముద్రతీరాలన్నీ చట్టప్రకారం ప్రజలవే. కానీ తీరానికి చేర్చే బాట ఎవరి లీజు భూమిలోంచి పోతుందన్నది వేరే ప్రశ్న, గేటు పడేది అక్కడే. కనుక ఒప్పందంలో బాట వెడల్పు, హద్దురాళ్లు, పడవల బండికి అనుమతి, రాత్రివేళ రాకపోకలు విడివిడిగా రాయించుకోండి. గేటు దగ్గర ఎవరినైనా ఆపితే ఆ రోజూ ఆ వేళా తేదీల పుస్తకంలో ఎడమ పేజీకి ఎక్కాలి. ఆ పుస్తకానికి నెలకొకసారి ఫోటోలు తీసి ఊరి బయట ఉన్నవాళ్లకు పంపుతూ ఉండండి. పైకప్పులు ఎగిరిపోయే తీరంలో ఒక్క ప్రతిని ఒక్క ఇంటి పెట్టెలో దాచుకోకూడదు.