ఎండ నుంచి కళ్లను కాపాడుకోవడం ఎలా?

కూలింగ్ గ్లాసెస్ కొనేవాళ్లలో ఎక్కువమంది చూసేవి రెండే: ముఖానికి నప్పాయా, బాగా నల్లగా ఉన్నాయా. కంటిని కాపాడే విషయంలో ఈ రెండింటికీ విలువ లేదు. ఎండలో కంటికి ఎక్కువ చేటు చేసేది కనిపించే వెలుతురు కాదు, దాంతోపాటు వచ్చే, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. అందరూ యూవీ అనేవి ఇవే. ఏళ్ల తరబడి ఇవి కంట్లో పడుతుంటే శుక్లాలు త్వరగా వస్తాయి. తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకుతుంది. రెప్పల చర్మానికి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఏదీ ఒక్కరోజులో జరగదు కాబట్టి జరిగేదాకా ఎవరూ పట్టించుకోరు.

కావలసినవి

యూవీ400 అని రాసి ఉన్న అద్దాలు ఒక జత. చుట్టూ కనీసం 7 సెంటీమీటర్ల అంచు ఉన్న టోపీ. అద్దాలకు గట్టి పెట్టె, తుడవడానికి మెత్తటి గుడ్డ. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

1. ఏ వేళలో జాగ్రత్త పడాలో తెలుసుకోండి

చర్మానికి మిట్టమధ్యాహ్నపు ఎండ ప్రమాదం. కంటి లెక్క వేరు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమల ఎముక, పైరెప్ప కంటికి కొంత నీడనిస్తాయి. పొద్దున కాస్త పొద్దెక్కాక, మళ్లీ మధ్యాహ్నం ఎండ వాలే వేళ కిరణాలు ఏటవాలుగా, నేరుగా కంట్లోకే వస్తాయి. అందుకే మిట్టమధ్యాహ్నం ఒక్కటే అద్దాలు పెట్టుకుని మిగతా వేళల్లో తీసేయడం తప్పు. బయట ఉన్నంతసేపూ ఉండాల్సిందే.

మబ్బు పట్టిందని కూడా తీయకండి. పలుచటి మబ్బుల్లోంచి యూవీ చాలావరకు కిందికి దిగుతుంది. నేల కూడా కొంత వెనక్కి కొడుతుంది: పచ్చిక మీద పడ్డదాంట్లో పదో వంతు కూడా తిరిగి రాదు కానీ, పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా, కొత్తగా కురిసిన మంచు 80 శాతం దాకా వెనక్కి పంపుతాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది. మంచుకొండల్లో అద్దాలు లేకుండా ఒక్క పూట తిరిగినా కళ్లు మండిపోయేది ఈ రెండూ కలవడం వల్లే.

2. అద్దాలు ఎంచుకోండి

అందరూ పొరబడేది ఇక్కడే, అందుకే ఇది నిదానంగా చదవండి.

మొదట లేబుల్. యూవీ400 అంటే 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (కిరణపు అల పొడవు) వరకు ఉన్న యూవీ మొత్తాన్ని ఆపుతుందని అర్థం. వట్టి "యూవీ ప్రొటెక్షన్" అని రాసి ఉంటే తీసుకోకండి, ఎంత ఆపుతుందో, ఎక్కడిదాకా ఆపుతుందో అందులో లేదు. "100 శాతం యూవీ" అన్న మాట కూడా సరిపోదు. కొన్ని ప్రమాణాలు యూవీ లెక్కను 380 నానోమీటర్ల దగ్గరే ముగిస్తాయి, 380 నుంచి 400 మధ్య ఉన్నది ఆ లెక్కలోకి రాదు. 400 అంకె కనిపిస్తేనే కొనాలి.

లేబుల్ మీద నమ్మకం లేకపోతే కళ్లద్దాల షాపులో యూవీ మీటరు మీద పెట్టి చూపించమనండి. అర నిమిషం పని. పాత జత మీద స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయి ఉంటే దాన్నీ అలాగే పరీక్ష చేయించొచ్చు. యూవీ టార్చి వెలుతురును అద్దంలోంచి నోటు మీద వేసి, గుర్తులు మెరవకపోతే అద్దం మంచిదని చూపించే చిట్కాను మాత్రం నమ్మకండి. చవక టార్చిల్లో ఎక్కువ భాగం 395 నానోమీటర్ల దగ్గర వెలుతురునిస్తాయి, ఊదారంగు వెలుతురు కూడా బోలెడు కలిసి వస్తుంది. ముదురు రంగు అద్దం ఏదైనా దాన్ని తగ్గిస్తుంది, నోటు మెరవదు, అద్దం పాసైపోయినట్టు కనిపిస్తుంది.

ఇక నలుపు సంగతి. రంగు వెలుతురును తగ్గిస్తుంది తప్ప యూవీని ఆపే బాధ్యత దానిది కాదు. ఆ పని అద్దంలో కలిపిన పదార్థానిది, లేదా పైన వేసిన పూతది. యూవీని ఆపని నల్లటి అద్దం పెట్టుకుంటే వెలుతురు తగ్గిందని కనుపాప పెద్దదవుతుంది, రెప్పలు చికిలించడం మానేస్తాయి. కంటికి పుట్టుకతో ఉన్న రెండు కాపలాలూ సడలిపోతాయి. ఇలాంటి అద్దం కంటే అద్దం లేకుండా టోపీ పెట్టుకోవడం నయం. దీనికి తిరగేసి చూస్తే, యూవీ400 పూత ఉన్న తెల్లటి పవర్ అద్దాలు కూడా యూవీని పూర్తిగా ఆపుతాయి.

అద్దాల ముదురుతనానికి 0 నుంచి 4 వరకు కేటగిరీలుంటాయి, కాడ లోపలి వైపు చిన్నగా రాసి ఉంటుంది. కేటగిరీ 3 వెలుతురులో 8 నుంచి 18 శాతం లోపలికి వదులుతుంది. ఎండకు అదే తీసుకోండి. కేటగిరీ 4 వదిలేది 3 నుంచి 8 శాతమే. మంచుకొండలకు, హిమానీనదాలకు తప్ప అది వద్దు. దాంతో వాహనం నడపనే కూడదు. రంగు బూడిద గానీ గోధుమ గానీ ఉండాలి. నీలం, ఎరుపు అద్దాల్లో సిగ్నల్ దీపాల రంగులు తేడాగా కనిపిస్తాయి.

పోలరైజ్డ్ అంటే యూవీ రక్షణ అనుకునేవాళ్లు చాలామంది. రెండింటికీ సంబంధం లేదు. నీటి మీద, రోడ్డు మీద పడి తిరిగొచ్చే తళుకును పోలరైజ్డ్ అద్దం తగ్గిస్తుంది, అంతవరకు మంచిదే. కానీ షాపులో మొబైల్ తెర ముందు అద్దాన్ని తిప్పి, తెర నల్లబడటం చూపించి "చూశారా, ఒరిజినల్" అంటే ఆ పరీక్ష పోలరైజేషన్‌ని మాత్రమే చూపింది. యూవీ400 ఉందా అని మళ్లీ అడగాల్సిందే.

ఇప్పుడు అసలైన చిక్కు: ఫ్రేము. లేబుల్ దగ్గరే ఆగిపోయేవాళ్లంతా దీన్ని వదిలేస్తారు. అద్దం ఎంత మంచిదైనా అది తన ముందు నుంచి వచ్చే కిరణాలనే ఆపగలదు. పక్కల్లోంచి, పైనుంచి, చెంప మీంచి వచ్చేవి నేరుగా కంట్లో పడతాయి. పక్క నుంచి వచ్చే కిరణాలు మరీ చెడ్డవి. కణత వైపు నుంచి ఏటవాలుగా వచ్చిన కిరణాన్ని నల్లగుడ్డు వంపు ఒడిసిపట్టి, ముక్కు వైపున్న అంచు మీదికి కేంద్రీకరిస్తుంది. కండ ఎక్కువగా ముక్కు వైపు నుంచే పెరగడానికి ఇదొక కారణం. అందుకే సన్నటి, చదును ఫ్రేములు ఎండకు పనికిరావు. ముఖం చుట్టూ వంగి కణతల దాకా వచ్చే ఫ్రేమే కావాలి, లేదా కాడలు వెడల్పుగా ఉన్నది.

ఫ్రేమును ఇలా పరీక్షించండి. పెట్టుకుని, ముఖం చూసుకునే అద్దం ముందు నిలబడండి. తల కిందికి వంచి, కళ్లు మాత్రం పైకెత్తి ఫ్రేము పై అంచు చూడండి: కనుబొమకు, ఫ్రేముకు మధ్య చూపుడు వేలు దూరితే ఆ ఫ్రేము వదిలేయండి. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు, తగిలితే జిడ్డు అంటుకుని గంటలోపే మసకబారుతుంది. తర్వాత ఒక దీపానికి వీపు పెట్టి, ముఖం కొద్దికొద్దిగా పక్కకు తిప్పండి. కళ్లద్దం లోపలి వైపు దీపం ప్రతిబింబమో, మీ కన్నో కనిపిస్తే వెనక నుంచి వచ్చిన వెలుతురు అద్దం మీద పడి కంట్లోకి మళ్లుతోందన్నమాట. ఎండలో యూవీ కూడా ఇదే దారిలో వస్తుంది. ఫ్రేము ఇంకాస్త దగ్గరగా కూర్చోవాలి. నోస్ ప్యాడ్లు, కాడలు సర్ది మళ్లీ చూడండి. చివరగా తల గట్టిగా ఆడించండి. ముక్కు మీంచి జారితే, జారిన ప్రతిసారీ పైన సందు తెరుచుకుంటుంది.

అద్దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, ఒక తలుపు నిలువు అంచును అందులోంచి చూస్తూ మెల్లగా పక్కలకు, పైకీ కిందికీ జరపండి. గీత వంకర తిరిగితే అద్దం సరిగా తయారు కాలేదు, అలాంటిది పెట్టుకుంటే తలనొప్పి వస్తుంది.

3. టోపీ పెట్టుకోండి

చుట్టూ అంచు ఉన్న టోపీ అద్దాల పైసందును మూస్తుంది. క్యాప్ ముందు నుంచే నీడ ఇస్తుంది, పక్కలు వదిలేస్తుంది. గొడుగు పైనుంచి వచ్చేదాన్ని ఆపుతుంది తప్ప ఇసుక, నీరు వెనక్కి కొట్టేదాన్ని ఆపదు.

4. వదిలేయకూడని చిన్న సంగతులు

పిల్లలకు అద్దాలు తప్పనిసరి. వాళ్ల కంటి కటకం పెద్దవాళ్లదానికంటే పారదర్శకం, యూవీ ఎక్కువగా రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) దాకా చేరుతుంది. బొమ్మల షాపుల్లో దొరికే రంగు అద్దాలు వద్దే వద్దు. యూవీ ఆపే కాంటాక్ట్ లెన్సులు నల్లగుడ్డు వరకే కప్పుతాయి, తెల్లగుడ్డుకూ రెప్పలకూ రక్షణ లేదు, పైన కూలింగ్ గ్లాసెస్ ఉండాలి. కారు ముందద్దం యూవీని బాగా ఆపుతుంది, పక్క అద్దాలు కొంత వదిలేస్తాయి. ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు ముందద్దం వెనక సరిగా నల్లబడవు. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని మందులు ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి, కొత్త మందు మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి డాక్టర్ని అడగండి.

అద్దాలను పొడిగా తుడవకండి, దుమ్ము గీతలు పెడుతుంది. నీళ్లతో కడిగి తర్వాత గుడ్డతో అద్దండి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే వేడికి ఫ్రేము వంగుతుంది, పూత చిట్లుతుంది.

5. సూర్యుణ్ని నేరుగా చూడకండి

పై అద్దాలేవీ సూర్యుణ్ని చూడటానికి పనికిరావు. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోతున్నా కళ్లు తిప్పుకోవాలనిపించదు. కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది, అది ఒక్కోసారి శాశ్వతం. గ్రహణం చూడాలంటే ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణపు అద్దాలే వాడాలి. పెట్టుకుని గదిలో చుట్టూ చూస్తే ఏమీ కనిపించకూడదు. మసి పట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, సీడీలు వాడకండి. గ్రహణపు అద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి అసలే చూడకండి, అది కేంద్రీకరించిన వేడికి ఫిల్టరు కాలిపోయి ఎండ నేరుగా కంట్లోకి దిగుతుంది.

6. కన్ను మండితే

ఇసుకలోనో మంచులోనో తిరిగినా, వెల్డింగ్ వెలుగు తగిలినా, 6 నుంచి 12 గంటల తర్వాత కంట్లో ఇసుక పోసినట్టు గరగర, నీళ్లు, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి, రుద్దకండి, చల్లటి తడిగుడ్డ కప్పుకుని చీకటి గదిలో ఉండండి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా డాక్టరే చూడాలి. నొప్పి తెలియకుండా కంటిని మొద్దుబార్చే చుక్కలు ఇంట్లో వేసుకోకండి, పుండు మానకుండా చేస్తాయి.

కన్ను ఎర్రబడగానే ఇంట్లో మిగిలిపోయిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. అప్పటికి ఎరుపు తగ్గుతుంది, హాయిగా అనిపిస్తుంది, సీసా అయిపోగానే మరొకటి కొంటారు. వారాల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి పీడనం పెరిగి నీటికాసులు (గ్లకోమా) వస్తాయి, శుక్లం త్వరగా ముదురుతుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. డాక్టరు ఎన్ని రోజులని రాశారో అన్ని రోజులే, ఆ కంటికే.

7. అద్దాలు ఆపలేనివాటికి పరీక్ష

నీటికాసులు మొదట్లో నొప్పి లేకుండా చూపు అంచులను తినేస్తాయి, మనిషికి తెలియదు. 40 ఏళ్లు దాటాక పీడనం, కంటినరం కలిపి పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇంకా ముందే. టైప్ 2 షుగర్ ఉందని తేలిన రోజునే కనుపాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి, ఆ తర్వాత ఏటా. చూపు బాగానే ఉంది కదా అని వాయిదా వేయకండి, రెటీనాలో రక్తనాళాలు దెబ్బతినడం మొదలైన చాన్నాళ్లకు గానీ చూపులో తేడా తెలియదు. కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేశాక కొన్ని గంటలు వెలుతురు భరించలేరు, కూలింగ్ గ్లాసెస్ వెంట తీసుకెళ్లండి, తిరుగు ప్రయాణంలో బండి మీరు నడపకండి.

చూపులో ఉన్నట్టుండి మెరుపులు, నల్లటి చుక్కల జల్లు, లేదా ఒక పక్క నుంచి తెర దిగినట్టు కనిపిస్తే మర్నాటి దాకా ఆగకండి. అది రెటీనా ఊడుతున్న గుర్తు కావచ్చు, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.