సిగ్నల్ ఫుల్, లింక్ డౌన్: సైడ్‌లింక్‌లో ఫీడ్‌బ్యాక్‌లు ఢీకొంటే

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్ పక్క ల్యాబుల్లో 5జీ సైడ్‌లింక్ (బేస్ స్టేషన్ గుండా పోకుండా పరికరాలు నేరుగా మాట్లాడుకునే లింక్) మీద పనిచేసే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: “అన్నా, ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) బ్రహ్మాండంగా ఉంది. అయినా రెండు బోర్డుల మధ్య లింక్ ఊరికే పడిపోతోంది. యాంటెన్నా మార్చేదా?”

మార్చొద్దు తమ్ముడూ. ముందు ఫీడ్‌బ్యాక్ లాగ్ (డేటా అందిందో లేదో చెప్పే జవాబుల రికార్డు) తియ్యి.

సమస్య 1: రేడియో కొలతలన్నీ బాగున్నా యూనికాస్ట్ (ఒకరి నుంచి ఒకరికే) లింక్ తెగుతోంది

బల్ల మీద ఏ, బీ, సీ అని మూడు బోర్డులు ఉన్నాయనుకోండి. ఏ నుంచి బీకి అప్పుడప్పుడూ చిన్న మెసేజ్ వస్తుంది, ప్రయారిటీ 5. బీ నుంచి సీకి ఆగకుండా సెన్సార్ డేటా పోతోంది, ప్రయారిటీ 3. జవాబులు వెళ్లే ఛానెల్ పేరు పీఎస్‌ఎఫ్‌సీహెచ్, దాని పీరియడ్ 4 స్లాట్లు (స్లాట్ అంటే చిన్న టైమ్ ముక్క). అంటే నాలుగు స్లాట్లలో వచ్చిన డేటాకి జవాబులన్నీ ఒకే స్లాట్ చివర పోగవుతాయి. డేటా వేర్వేరు స్లాట్లలో వెళ్లినా ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ‘ఏ’ బోర్డుకి ఏక్ (అందిందన్న జవాబు) పంపాల్సిన క్షణంలోనే సీ పంపే ఏక్‌ను బీ వినాలి. హాఫ్ డూప్లెక్స్ (పంపడం, వినడం ఒకేసారి చేయలేని రేడియో) కాబట్టి రెండూ కుదరవు.

అప్పుడేం చేయాలో 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) రిలీజ్ 16 చెప్పింది. ఫీడ్‌బ్యాక్‌కి సొంత ప్రయారిటీ ఉండదు. ఏ డేటాకి జవాబో, ఆ డేటా వెంట వచ్చిన కంట్రోల్ సమాచారం ఎస్‌సీఐ 1-ఏలోని ప్రయారిటీయే దానికీ వర్తిస్తుంది. విలువలు 1 నుంచి 8 దాకా, చిన్న అంకెకే పెద్దపీట. పంపాల్సిన వాటిలో అతి చిన్న అంకెనీ, వినాల్సిన వాటిలో అతి చిన్న అంకెనీ పోల్చి, గెలిచిన పనే చేస్తుంది. ఇక్కడ 3 గెలిచింది కాబట్టి బీ వింటూ కూర్చుంటుంది. ఏకి జవాబు వెళ్లదు.

‘ఏ’ బోర్డు వైపు నుంచి చూస్తే అది డీటీఎక్స్, అంటే జవాబే లేదు. మెసేజ్ బీకి శుభ్రంగా అందినా ఏకి ఆ సంగతి తెలియదు. రీట్రాన్స్‌మిషన్‌కి (మళ్లీ పంపినదానికి) జవాబు అందితే డీటీఎక్స్ లెక్క మళ్లీ సున్నాకి వస్తుంది. అదీ సెన్సార్ డేటా హడావిడిలోనే ఇరుక్కుంటే లెక్క పెరుగుతూ పోయి, వరస డీటీఎక్స్‌ల పరిమితి తాకగానే ‘ఏ’ బోర్డు రేడియో లింక్ ఫెయిల్యూర్ ప్రకటిస్తుంది.

నిర్ధారించుకోవడానికి తేలికైన దారి, రెండు ట్రాఫిక్‌ల ప్రయారిటీలు తారుమారు చేయడం. ఏ-బీ లింక్ కుదుటపడి, ఈసారి బీ-సీ వైపు డీటీఎక్స్‌లు మొదలైతే రేడియోది ఏ తప్పూ లేనట్టే. మోడ్ 1లో (రిసోర్స్‌లు బేస్ స్టేషనే కేటాయించే పద్ధతి) నడుస్తుంటే ఇంకో ఆనవాలు దొరుకుతుంది: వినలేకపోయిన ఫీడ్‌బ్యాక్‌ని బీ తన బేస్ స్టేషన్‌కి నాక్‌గా (అందలేదన్న జవాబుగా) రిపోర్ట్ చేస్తుంది. దాంతో సీకి అందిన ప్యాకెట్‌కే మళ్లీ గ్రాంట్ (పంపుకోమని కేటాయింపు) వస్తుంది.

పరిష్కారంలో నేను మొదట చూసేది సెన్సార్ డేటా సంగతి. ఒక ఫ్రేమ్ పోతే కొంప మునగదు కదా! ఆ డేటా వెళ్లే లాజికల్ ఛానెల్‌కి హార్క్ ఫీడ్‌బ్యాక్ (ఈ ఏక్, నాక్ జవాబులే) ఆపేసి, అవసరమైతే బ్లైండ్ రీట్రాన్స్‌మిషన్ (జవాబు కోసం చూడకుండా మళ్లీ పంపడం) పెట్టండి. బీ వినాల్సిన పనే తప్పుతుంది.

అది కుదరకపోతే పీరియడ్‌ని 4 నుంచి 2కో 1కో తగ్గించండి. జవాబులు వేర్వేరు స్లాట్లకి సర్దుకుంటాయి. దీనికి ఖర్చు ఉంది: ఫీడ్‌బ్యాక్ ఉన్న ప్రతి స్లాట్‌లో 14 సింబల్స్‌లో 3 డేటాకి దక్కవు, రెండు ఫీడ్‌బ్యాక్‌కి, ఒకటి గ్యాప్‌కి. పైగా ఇది రిసోర్స్ పూల్ (బోర్డులన్నీ పంచుకునే స్లాట్లు, ఫ్రీక్వెన్సీల సెట్) సెట్టింగ్. ఒక్క బోర్డులో మార్చి మిగతావి వదిలేస్తే ఎవరి జవాబు ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

అన్నిటికీ ప్రయారిటీ 1 ఇచ్చేస్తే పోలా అంటారు కొందరు. పోదు. సమానమైనప్పుడు ఏది ఎంచుకోవాలన్నది చిప్ చేతిలోకి వెళ్తుంది. అదే అంకె రిసోర్స్ ఎంపికలోనూ, ప్రీ-ఎంప్షన్‌లోనూ (ముఖ్యమైన డేటా కోసం ఇంకొకరు చోటు వదులుకోవడం), కంజెషన్ కంట్రోల్‌లోనూ వాడతారు కాబట్టి అక్కడ కొత్త తలనొప్పి మొదలవుతుంది. డీటీఎక్స్ పరిమితిని 4 నుంచి 16కి పెంచడం డెమో రోజున పనికొస్తుంది, అంతే.

సమస్య 2: పంపిన బోర్డులో నష్టం సున్నా, అందుకున్న యాప్‌లో మెసేజ్‌లు మాయం

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే లాగ్‌లో ఎర్ర గీత ఒక్కటీ కనిపించదు. నాక్ మాత్రమే పంపే గ్రూప్‌కాస్ట్‌లో (ఒకరి నుంచి గుంపుకి) మౌనం అంటే అందినట్టు లెక్క. అందుకోలేకపోయిన బోర్డు నాక్ పంపబోయి, పై కారణంతోనే దాన్ని వదిలేస్తే పంపినవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. యూనికాస్ట్‌లో అనవసరపు రీట్రాన్స్‌మిషన్లు తెచ్చిన తప్పే ఇక్కడ అవసరమైనవాటిని రానివ్వదు.

సభ్యులు కొద్దిమందే, ఎవరెవరో తెలుసు అంటే ఏక్, నాక్ రెండూ పంపే ఆప్షన్ 2కి మారండి. అందులో జవాబు రాకపోతే రానట్టే తెలుస్తుంది. ఒక్కో సభ్యుడికీ విడి రిసోర్స్ కావాలి కాబట్టి పూల్‌లో చోటుందో లేదో చూసుకోండి. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లోలా చుట్టూ ఎన్ని బండ్లున్నాయో తెలియని చోట అది నడవదు. అక్కడ బ్లైండ్ రీట్రాన్స్‌మిషనే మేలు.

సమస్య 3: దగ్గరి బోర్డుకి ఏక్ అందుతోంది, దూరంగా ఉన్నదానికి అందట్లేదు

ఇది పంపడానికీ పంపడానికీ మధ్య పోటీ. ఒకే స్లాట్‌లో పలు జవాబులు పంపాల్సి వస్తే పవర్ పంచుకోవాలి. గరిష్ఠం 23 డీబీఎం అయితే, నాలుగు ఒకేసారి పంపినప్పుడు ఒక్కోదానికి 17కి మించి దక్కదు. పవర్‌గానీ, చిప్ ఒకేసారి పంపగల సంఖ్యగానీ చాలకపోతే పెద్ద అంకె ఉన్నవి ఆగిపోతాయి. దూరపు లింక్ నిజంగా ముఖ్యమైతే దానికి చిన్న అంకె ఇవ్వండి. పీరియడ్ తగ్గించినా గుంపు పలచబడుతుంది.

రిలీజ్ 17 బోర్డులైతే ఇంకొకటి గమనించండి. రిసోర్స్‌లు ఢీకొంటున్నాయని హెచ్చరించే కాన్‌ఫ్లిక్ట్ సమాచారం కూడా పీఎస్‌ఎఫ్‌సీహెచ్ మీదే వస్తుంది. పంపాలా వినాలా అన్న పోలికలో హార్క్ జవాబులకే మొదటి వంతు. అవేవీ లేనప్పుడే కాన్‌ఫ్లిక్ట్ సమాచారం అంకెలు లెక్కలోకి వస్తాయి. కాబట్టి హెచ్చరికలు రావట్లేదని ఆ ఫీచర్ మీద బగ్ రాసేముందు, ఆ స్లాట్‌లో హార్క్ ఏమైనా ఉందేమో చూడండి.