సౌత్‌గేట్‌కి మళ్లీ మార్కులు వెయ్యాలంటే

గారెత్ సౌత్‌గేట్ పేరెత్తితే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూసేవాళ్లలో కొందరికి 1996 నాటి పెనాల్టీ గుర్తొస్తుంది, కొందరికి 2018 ప్రపంచ కప్పులో మేనేజర్‌గా అతను వేసుకున్న వెయిస్ట్‌కోటు. ఈ రెంటితో అతన్ని తూచలేం. ఆటగాడిగా తిట్లు తిని, 2016లో ఇంగ్లండ్ మేనేజరయ్యాక మెప్పు పొంది, మళ్లీ తిట్లు తిన్నవాణ్ణి సరిగ్గా అంచనా వెయ్యాలంటే కాస్త ఓపిగ్గా కూర్చోవాలి. ఓ కాగితం, గోల్స్, సబ్‌స్టిట్యూషన్ల నిమిషాలతో సహా పాత మ్యాచ్‌ల వివరాలు, ఒకట్రెండు పూర్తి మ్యాచ్ రికార్డింగులు చాలు. హైలైట్స్ పనికిరావు.

ముందు ఆటగాడి ఖాతా మూసెయ్యండి

1996 జూన్ 26, లండన్‌లోని వెంబ్లీ, యూరప్ దేశాల కప్పు ‘యూరో’ సెమీఫైనల్. మ్యాచ్ సమం కావడంతో జర్మనీతో వచ్చిన పెనాల్టీ షూటౌట్‌లో ఇంగ్లండ్ తరఫున షియరర్, ప్లాట్, పియర్స్, గాస్కోయిన్, షెరింగమ్ ఐదుగురూ కొట్టారు. అటు జర్మన్లూ ఐదుకి ఐదు కొట్టారు. ఆరోవాడిగా వెళ్లిన సౌత్‌గేట్ బంతిని జర్మన్ గోల్‌కీపర్ కోప్కే ఆపేశాడు, వెంటనే మోలర్ కొట్టి కథ ముగించాడు.

ఇక్కడ రాసుకోవాల్సిన ప్రశ్న: అంతకుముందు పెద్ద స్థాయిలో ఒకే ఒక్క పెనాల్టీ తన్ని, దాన్నీ గోల్‌పోస్టుకు కొట్టిన డిఫెండర్ ఆరోవాడిగా ఎందుకు వెళ్లాల్సొచ్చింది? ఐదుగురి తర్వాత ఎవరన్నది ఎవరూ గట్టిగా ఆలోచించి పెట్టుకోలేదు. తప్పు జట్టు సన్నాహాలది, తిట్లు మాత్రం ముందుకొచ్చినవాడికి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే. ఇంగ్లండ్ తరఫున 57 మ్యాచ్‌లు ఆడాడని, 2004లో మిడిల్స్‌బ్రో లీగ్ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ అతనేనని అదే కాగితం మీద రాయండి. ఆ క్లబ్బుకు అది మొట్టమొదటి పెద్ద ట్రోఫీ.

దీనికి తిరగేసిన పొరపాటూ ఒకటుంది. పాపం అంత బాధపడ్డాడు కదా అని మేనేజర్ ఖాతాలో సానుభూతి మార్కులు కలిపేస్తారు. 2025 నూతన సంవత్సర గౌరవాల్లో వచ్చిన ‘సర్’ బిరుదుకూ ఇదే వర్తిస్తుంది. బిరుదు చూసి మార్కులు వెయ్యకూడదు.

మిడిల్స్‌బ్రోని దాటెయ్యకండి

2006లో, మేనేజర్లకు కావాల్సిన ప్రో లైసెన్స్ కూడా లేకుండానే, ప్రత్యేక అనుమతితో పగ్గాలు పట్టాడు. ప్రీమియర్ లీగ్‌లో వరుసగా 12, 13, 19 స్థానాలు. 2009లో జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. అదే ఏడాది అక్టోబర్లో అతన్ని తీసేశారు. అప్పటికి జట్టు రెండో డివిజన్‌లో నాలుగో స్థానంలో, అగ్రస్థానానికి ఒక్క పాయింట్ దూరంలో ఉంది. క్లబ్ మేనేజర్‌గా ఓ మోస్తరు అని రాసుకుని ముందుకెళ్లండి, ఇంతకంటే తవ్వితే దొరికేదేమీ లేదు.

ఎవరితో పోల్చాలి?

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. స్పెయిన్‌తోనో ఫ్రాన్స్‌తోనో పోల్చి ‘కప్పు తేలేదు’ అంటారు. అదే ఇంగ్లండ్ మేనేజర్ కుర్చీలో ముందు కూర్చున్నవాళ్లతో పోల్చండి. యూరో 96 అయిపోయినప్పటి నుంచి 2016లో ఐస్‌లాండ్ చేతిలో ఓడేదాకా, ప్రపంచ కప్పులు, యూరోలు అన్నీ కలిపి ఇంగ్లండ్ గెలిచిన నాకౌట్ (ఓడితే ఇంటికే) మ్యాచ్‌లు రెండే: 2002లో డెన్మార్క్ మీద, 2006లో ఈక్వడార్ మీద. సౌత్‌గేట్ నాలుగు టోర్నీల్లో తొమ్మిది గెలిచాడు. ఒక సెమీఫైనల్, రెండు యూరో ఫైనళ్లు, ఒక క్వార్టర్‌ఫైనల్.

ఆ తొమ్మిదీ ఎవరి మీదో పక్కన రాస్తే ఉత్సాహం కొంచెం తగ్గుతుంది. కొలంబియా, స్వీడన్, జర్మనీ, ఉక్రెయిన్, డెన్మార్క్, సెనెగల్, స్లొవేకియా, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్. ఓడింది క్రొయేషియా, ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ చేతుల్లో. గట్టి జట్టు ఎదురైన నాకౌట్లలో 2021లో జర్మనీ మీద 2-0 ఒక్కటే ధీమాగా చెప్పుకోదగ్గ గెలుపు. అదీ సొంతగడ్డ మీద. ఆ యూరోలో ఇంగ్లండ్ ఆడిన ఏడింట్లో ఆరు వెంబ్లీలోనే జరిగాయి. ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రా కలిసొచ్చిందన్న మాటలో నిజముంది. కానీ అంతకుముందు ఐస్‌లాండ్‌ మీద కూడా గెలవలేకపోయిన జట్టు ఇదేనని మరవకూడదు.

షూటౌట్లకి విడిగా ఓ గడి

అతనికి ముందు పెద్ద టోర్నీల్లో ఇంగ్లండ్ ఏడు షూటౌట్లు ఆడి ఒక్కటే గెలిచింది. అతని హయాంలో, 2019లో యూరప్ జట్ల మరో పోటీ నేషన్స్ లీగ్‌లో మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌తో కలిపి, నాలుగింట మూడు. పెనాల్టీలను అదృష్టానికి వదిలెయ్యకుండా సాధన చేయించాడు. తన్నేవాళ్ల వరుస ముందే ఆలోచించడం, విజిల్ వినగానే తొందరపడకపోవడం, గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ బంతిని తమ ఆటగాడి చేతికే అందించడం వంటివన్నీ అందులో భాగం. 2024లో స్విట్జర్లాండ్ మీద ఐదుకి ఐదూ గోల్సే.

ఇటలీతో 2021 యూరో ఫైనల్ ఓటమిని ఇదే గడిలో పెట్టి చూడండి. రాష్‌ఫర్డ్, సాంచోలను ఎక్స్‌ట్రా టైం ఆఖరి క్షణాల్లో దింపాడు, ఇద్దరూ మిస్సయ్యారు. ఐదో పెనాల్టీ 19 ఏళ్ల సాకాకి ఇచ్చాడు, అదీ పోయింది. సాధనలో బాగా కొట్టినవాళ్లను ఎంచుకోవడం తప్పు కాదు. బంతి సరిగ్గా తాకకుండానే చల్లటి కాళ్లతో పంపడం తప్పు. ఈ రెండూ వేరుచేసి మార్కులు తగ్గించండి. బాధ్యత నాదేనని అతను ఆ రాత్రే ఒప్పుకున్నాడు. 1996లో తనకు దక్కని కవచం అది.

నిమిషాల పట్టిక

అసలు లోపం కనబడేది ఇక్కడ. మూడు గడులు గీయండి: గోల్ ఎప్పుడు, ఎదుటివాళ్ల గోల్ ఎప్పుడు, మొదటి మార్పు ఎప్పుడు.

క్రొయేషియాతో 2018 సెమీస్: ట్రిప్పియర్ గోల్ 5వ నిమిషం, పెరిసిచ్ సమం చేసింది 68, మొదటి సబ్‌స్టిట్యూట్ 74. 2021 ఫైనల్: ల్యూక్ షా గోల్ 2, బొనూచి 67, మొదటి మార్పు ఆ తర్వాతే. రెండుచోట్లా త్వరగా ఆధిక్యం, వెనక్కి జారడం, మిడ్‌ఫీల్డ్ చేజారడం, దెబ్బ తగిలాకే కదలడం.

2024లో జట్టు వెనకబడ్డప్పటి నిమిషాలు పక్కన పెట్టండి. ఫైనల్లో స్పెయిన్ 47వ నిమిషంలో గోల్ కొడితే 61కే కెప్టెన్, స్ట్రైకర్ కేన్‌ని తీసేశాడు, 70లో దిగిన పామర్ 73లో సమం చేశాడు. ఒయర్సాబాల్ 86లో కొట్టకపోతే కథ వేరు. నెదర్లాండ్స్‌తో 1-1గా ఉన్నప్పుడు ఆఖర్లో దిగిన వాట్కిన్స్ 90 నిమిషాలు ముగిసే వేళ గెలిపించాడు. మొత్తమ్మీద పిరికివాడన్న ముద్ర సరికాదు. వెనకబడ్డప్పుడు, చిక్కులో ఉన్నప్పుడు వచ్చిన తెగువ, ఆధిక్యంలో ఉన్నప్పుడు రాలేదు. విమర్శ చెయ్యదలిస్తే ఇంత కచ్చితంగా చెయ్యండి.

ఎప్పుడు తీర్పు ఇవ్వకూడదు

2024 జూన్ 25న కొలోన్‌లో స్లొవేనియాతో 0-0 అయ్యాక సొంత అభిమానులే అతని మీదికి ప్లాస్టిక్ కప్పులు విసిరారు. గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లకు రెండే గోల్స్, కోపం సహజమే. మూడు వారాల్లోపే అదే జట్టు బెర్లిన్‌లో ఫైనల్ ఆడింది. మనకు రాత్రి పన్నెండున్నరకి మొదలైన ఆ ఫైనల్ చూసి, నిద్రకళ్లతో తెల్లారి ఆఫీసులో ఇచ్చిన తీర్పులదీ అదే బాపతు. ఫైనల్ జూలై 14న, రాజీనామా 16న. అక్కణ్ణించి కనీసం ఓ ఏడాది వదిలి మొదలుపెడితే నయం.

చివరికి రికార్డింగు పెట్టుకోండి. 2021 ఫైనల్, 46 నుంచి 70వ నిమిషం దాకా, వ్యాఖ్యానం ఆపేసి. బంతిని వదిలేసి ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్లు రైస్, ఫిలిప్స్ ఎక్కడ నిలబడుతున్నారో, వాళ్లకీ కేన్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. ఇటలీ మిడ్‌ఫీల్డర్లు వెరాటీ, జోర్గిన్యో ఎదురు లేకుండా తల పైకెత్తి పాస్ ఇచ్చిన ప్రతిసారీ కాగితం మీద ఓ గీత గియ్యండి.