కొండపల్లిలో యువ బొమ్మల కళాకారులను కనుగొని ఆదరించడం ఎలా

విజయవాడ చూడవచ్చినవారు అమ్మవారి దర్శనం, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం ముగించుకొని, ఇంకా పొద్దు మిగిలితే ఇరవై కిలోమీటర్ల దూరంలోని కొండపల్లికి వెళ్లి, రోడ్డు పక్క మొదటి దుకాణంలో ఒక ఏనుగునో ఎడ్లబండినో కొని తిరిగి వస్తుంటారు. ఆ బొమ్మను ఎవరు చెక్కారో కొన్నవారికి తెలియదు. తెలుసుకోవాలన్న కోరిక ఉంటే కొండపల్లికి కనీసం ఒక పూట కేటాయించాలి. ఖిల్లా కూడా చూడదలచినవారు పొద్దున్నే ఎక్కి దిగి, ఆ తరువాత బొమ్మల కాలనీకి రావడం మంచిది.

దుకాణంలో ధర అడగకముందే "ఇది ఎవరు చెక్కారు, రంగులు ఎవరు వేశారు?" అని అడగండి. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు, ఎందుకంటే చాలా ఇళ్లలో మగవారు చెక్కితే ఆడవారు రంగులు వేస్తారు. బొమ్మకు కళ తెచ్చిన అమ్మాయి పేరు అడిగితే గాని బయటికి రాదు. ఇంట్లో పిల్లలెవరైనా ఈ పని నేర్చుకుంటున్నారా, వారు సొంతంగా ఊహించి చేసినవి ఏమైనా ఉన్నాయా అని కూడా అడగండి. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు వంటివి ఎలాగూ అమ్ముడుపోతాయి కనుక ముందు వరుసలో ఉంటాయి, కొత్తవారి ప్రయత్నం వెనుక అరలో ఉండవచ్చు. పనిచేసే చోటికి రమ్మంటే వెళ్లండి, పిలవకుండా మాత్రం లోపలికి వెళ్లకూడదు. కుర్రవాడే కదా అని "నువ్వు" అనకుండా "మీరు" అంటూ మాట్లాడితే అతడు తన పని గురించి చెప్పే తీరే మారుతుంది.

మంచి పనిని గుర్తించాలంటే తయారీ కొంత తెలియాలి. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి అనే మెత్తని, తేలికైన కర్రతో చేస్తారు. కర్రను బాగా ఆరబెట్టి, తల, చేతులు, కాళ్లు వంటి భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన ముద్దతో అతికించి, నునుపు చేసి, తెల్లని పూత పూసిన తరువాతే రంగులు వేస్తారు. కాబట్టి బొమ్మను చేతిలోకి తీసుకొని బరువు చూడండి. ఆకారానికి మించిన బరువుంటే ఏ పదార్థంతో చేశారో అడగండి. తరువాత తిరగేసి, చంక కింద, మెడ దగ్గర అతుకులు చూడండి, ఎందుకంటే కనబడే చోట అందరూ శ్రద్ధగానే చేస్తారు. అయితే వయసులో చిన్నవారి పనిలో నునుపుకన్నా నిలబడిన భంగిమకు, కంటి గీతకు ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. నునుపు సాధనతో వస్తుంది. కల్లుకుండ మోసే మనిషి నడుము ఎటు వంగుతుందో చూడగలిగే కన్ను అంత సులభంగా రాదు.

నచ్చితే బేరమాడకుండా కొనండి. పొణికి కర్ర దొరకడమే కష్టమవుతున్నప్పుడు, వంద రూపాయలు తగ్గించమంటే ఆ భారం చివరికి కూలి మీదే పడుతుంది. అంతకన్నా మేలైన సాయం ఆర్డరు ఇవ్వడం. ఏ సందర్భానికి కావాలో, ఎంత ఎత్తు ఉండాలో చెప్పి, చెక్కే తీరు వారికే వదిలేయండి; మరొకరు చేసిన బొమ్మ ఫొటో చూపి అచ్చం అలాగే చేయమనడం కొత్త కళాకారుడికి ఉపకారం కాదు. సగం సొమ్ము ముందుగా ఇచ్చి, గడువు రాసుకోండి. వానకాలంలో కర్ర ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, దసరాకూ సంక్రాంతికీ బొమ్మల కొలువుల గిరాకీ ఉంటుంది కనుక తొందరపెట్టకూడదు. సొమ్ము వీలైనంతవరకు చేసినవారి ఖాతాకే పంపండి, మైనరైతే పెద్దవారితోనే మాట్లాడుకోండి.

"మీ గురించి పదిమందికి చెబుతాం, ఒకటి ఊరికే ఇవ్వండి" అనే అతిథులు ఎక్కడైనా ఉంటారు, వారిలో ఒకరు కాకండి. ఫొటో తీసేముందు అనుమతి అడిగి, నలుగురికీ పంపేటప్పుడు వారు ఒప్పుకుంటేనే పేరు రాయండి. కేంద్ర ప్రభుత్వ హస్తకళల విభాగం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు ఉందా అని ఒక మాట అడగండి. ప్రభుత్వ పథకాలకు దరఖాస్తు చేసేటప్పుడు అది పనికివస్తుంది.

మంగళగిరి మగ్గాల దగ్గర, పెడన కలంకారీ అద్దకాల దగ్గర కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది, అడగవలసిన ప్రశ్నలే మారుతాయి.

కొన్న బొమ్మను చేతులు, తోక వంటి సన్నని భాగాలపై ఒత్తిడి పడకుండా పాత పత్రికల్లో చుట్టి, తడి తగలకుండా తీసుకువెళ్లండి. ఎప్పుడైనా అతుకు ఊడితే ఇంట్లో ఉన్న జిగురు పెట్టకుండా, చేసినవారికే ఫోన్ చేసి, బాగుచేయడానికి ఎంత ఇవ్వాలో అడిగి పంపండి.